తలుపు బయట నిలబడ్డవాళ్లు

ఆ అక్టోబరులో కరకట్ట మీద చుంచులు కనిపించడం మానేశాయి.

ఇంకొకరికైతే అది మంచి కబురే. డింగెనిస్ కోమన్‌కి మాత్రం కాదు. ఇరవై రెండేళ్లుగా వెస్ట్‌నోల్ కట్ట మీద చుంచులు పట్టడమే అతని బతుకు. కట్టకి అవతల సముద్రం, ఇవతల సముద్రం కన్నా పల్లంలో ఊరు. నేల కింద సొరంగాలు తవ్వే ఆ నల్లటి చిన్న ప్రాణి ఒక్కటి కట్ట లోపల చేరితే చాలు, ఆ కన్నం వెంట నీరు దారి చేసుకుంటుంది. అందుకే జీలాండ్ దీవుల్లో ప్రతి కట్టకీ ఒక చుంచులవాడు ఉంటాడు. పొద్దున్నే నడుముకి ఉచ్చులు కట్టుకుని, చెక్క బూట్లు వేసుకుని బయల్దేరతాడు. చుంచు ఏ పూట ఎటు తవ్వుతుందో, వాన ముందు ఎంత పైకొస్తుందో, ఎండకి ఎంత లోతుకి దిగుతుందో డింగెనిస్‌కి అరచేతిలో గీతల్లా తెలుసు. పాత తూము దగ్గర నుంచి తన ఇంటి వరకు రెండు వందల అడుగుల మేర, మూడు వారాలుగా కొత్త మట్టికుప్ప ఒక్కటీ లేవలేదు. అతను పట్టలేదు. అవే వెళ్లిపోయాయి.

కట్ట మేస్త్రి క్రైన్‌తో ఆ మాట చెప్పాడు. క్రైన్ చిన్నప్పటి నుంచీ స్నేహితుడు, నోరు తెరిస్తే వెటకారం.

"ఏరా, చుంచులు లేవని ఏడుస్తున్నావా? పని బాగా చేశావని మురిసిపోక!"

"నేను పట్టలేదు క్రైన్. అవే పోయాయి."

"ఎక్కడికి? మిడిల్‌బర్గ్ సంతకా?"

"కట్ట పాదంలో ఇసుక వదులుగా ఉంది. ఆటుకి నీళ్లు వెనక్కి తీసినప్పుడు గుచ్చి చూశాను, కర్ర మూరెడు దిగబడింది. అడుగున సముద్రం తోడేస్తోందేమోనని నా అనుమానం."

"గాలి లేదు, తుఫాను లేదు. కట్టలు తుఫానులో తెగుతాయిరా, ఎండలో కాదు."

"ఎండలోనూ జారుతుందని మా తాత చెప్పేవాడు. నీళ్లు బాగా వెనక్కి తీసిన రోజున, చప్పుడు లేకుండా."

"మీ తాత సారా తాగిన రోజున చెప్పాడా, తాగని రోజునా?" క్రైన్ నవ్వి, అతని భుజం మీద ఒకటి చరిచాడు. "వసంతంలో పడవ మీదెళ్లి లోతు కొలిపిస్తాలే. వెళ్లు, మీ ఆవిడ మజ్జిగ జావ చల్లారిపోతుంది."

ఇంట్లో మజ్జిగ జావ వేడిగా ఉండి చాలా కాలమైందని డింగెనిస్ చెప్పలేదు.

అతని భార్య పేరు యాకోమినా. ఊరందరికీ మినా. కట్ట నీడలో ఉన్న ఆ చిన్న ఇంటికి ఆమె వచ్చి పదకొండేళ్లు. ఆమెకి చదువొచ్చు, అతనికి అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. పెళ్లైన కొత్తలో సాయంత్రాలు ఆమె బల్ల మీద బైబిలు తెరిచి చదివేది. ఏది చదవమంటావంటే అతను ఒక్కటే అడిగేవాడు: సొలొమోను పేరున్న ఆ ప్రేమగీతం. అందులో అతనికి తెలిసిన లోకం ఉంది. మేకల మందలు, వాన వెలిసిన పొలాలు, తోటని పాడుచేసే చిన్న నక్కలు. "చూశావా, నక్కల్ని పట్టమంటోంది. నాలాంటి వాడెవడో రాశాడు" అనేవాడు. మినా పడీ పడీ నవ్వేది. ప్రియురాలి జుట్టు కొండ దిగే మేకల్లా ఉందని ఉన్నచోట, టోపీ తీసి తన జుట్టు విదిలించి, "మరి నాది?" అనేది. అతను చాలాసేపు ఆలోచించి, "మంచి చుంచు తోలులా ఉంది. ఎటు నిమిరినా నున్నగా" అనేవాడు. అంతకన్నా పెద్ద పొగడ్త అతని దగ్గర లేదు. ఆమెకీ ఆ సంగతి తెలుసు.

వాళ్లకి ఒక్కతే కూతురు, నెల్లా. రెండేళ్ల కిందట, నాలుగేళ్లప్పుడు, గొంతు వాచి మూడు రోజుల్లో పోయింది.

వెస్ట్‌నోల్‌లో పాస్టరు లేడు. సంఘపెద్ద బార్తెల్ ప్రతి ఆదివారం పాత ప్రసంగాల పుస్తకంలోంచి ఒక ప్రసంగం చదివేవాడు. డెబ్బై ఒక్కేళ్ల మనిషి, ఎండిన చేపలా సన్నగా, నిటారుగా ఉండేవాడు. అతని నోట అబద్ధం విన్నవాళ్లు లేరు. ఆ సంఘంలో ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లి రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడమంటే ఆషామాషీ కాదు. దేవుడు నన్ను ఎన్నుకున్నాడన్న నిశ్చయత గుండెలో పుట్టాలి, లేకుండా ఆ రొట్టె తింటే శిక్షని తిన్నట్టే. రెండొందల మంది ఉన్న సంఘంలో బల్ల దగ్గరికి లేచేవాళ్లు ఐదుగురో ఆరుగురో. మిగతావాళ్లు తలలు వంచుకుని, నల్ల బట్టల్లో, ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు.

నెల్లా పోయిన వారానికి బార్తెల్ వాళ్లింటికి వచ్చాడు. బల్ల మీద తెరిచి ఉన్న గ్రంథాన్ని, అది తెరిచి ఉన్న చోటుని చూశాడు.

"మినా, అది వంటింట్లో కూర్చుని నవ్వుకుంటూ చదివే పాట కాదమ్మా" అన్నాడు మెల్లగా. "ఆత్మకీ పెండ్లికుమారుడికీ మధ్య జరిగే మాట అది. ఆయన రోషం గల దేవుడు. ఆయన వచ్చి తలుపు తట్టాడు, ఆ అమ్మాయి కాళ్లు కడుక్కున్నాను, లేవలేనంది. తీసేసరికి ఆయన వెళ్లిపోయాడు. నీ తలుపు ఆయన తట్టిన వేళ నీ మనసు ఎవరి దగ్గరుందో చూసుకో. తట్టి వెళ్లినవాడు మళ్లీ వస్తాడన్న పూచీ లేదు."

కోపంతో అన్న మాటలు కావవి. నిజమని నమ్మి, ఆమె ఆత్మ కోసం వణుకుతూ అన్నాడు. అందుకే అంత లోతుగా దిగాయి.

ఆ రోజు నుంచి మినా కొద్దికొద్దిగా లోపలికి వెళ్లిపోయింది. మొదట నవ్వు ఆగింది. తర్వాత గ్రంథం బీరువాలోకి వెళ్లింది. గోడలో అరలా కట్టి చెక్కతలుపులు బిగించిన పక్కమీద ఇద్దరూ పడుకునేవాళ్లు. ఒక చలికాలంలో ఆమె తన దుప్పటి తీసుకుని పాప పడుకునే చిన్న గూటిలోకి మారిపోయింది. మోకాళ్లు ముడుచుకుంటే తప్ప పట్టదు అందులో. అతను ఏమిటని అడిగితే, "నీ పక్కనుంటే నాకు బాగుంటుంది డింగెనిస్. అదే భయం" అంది. భర్త మీద ప్రేమ దేవుడి దగ్గర దొంగిలించిన సొత్తు అని ఆమెకి తోచింది. ఆ దొంగతనానికే పాప పోయిందని కూడా. గాలికి కిటికీ కొట్టుకున్నా లేచి కూర్చునేది. ఈమధ్య నాలుగు ఆదివారాలుగా ఆరాధనకీ రావడంలేదు. వినే అర్హత కూడా పోయిందట. పగలు కూడా తలుపుకి గడియ పెట్టుకోవడం అలవాటైంది.

మనిషి అలా అరిగిపోతుంటే ఏం చెయ్యాలో డింగెనిస్‌కి తెలియలేదు. నవంబరులో ఒక శనివారం బార్తెల్ ఇంటికి వెళ్లాడు. టోపీ చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"పెద్దయ్యా, మినా తినడంలేదు. నిద్రపోవడంలేదు. మీరు చెప్పిన ఆ తలుపు మాట దాన్ని తినేస్తోంది. మీరే వచ్చి ఒక మంచి మాట చెప్పాలి."

"ఏం చెప్పమంటావ్? ఆయన నిన్ను వదల్లేదమ్మా అని చెప్పనా? నాకు తెలుసా ఆ సంగతి?"

"మీకే తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?"

బార్తెల్ పొయ్యి వైపు తిరిగాడు. "నలభై ఏళ్లు ప్రసంగాలు చదివాను" అన్నాడు. "నేనెప్పుడైనా బల్ల దగ్గరికి వెళ్లడం చూశావా?"

డింగెనిస్ ఆలోచించాడు. చూడలేదు. రొట్టె అందించేవాడు, గిన్నె అందించేవాడు, తను మాత్రం తినలేదు. ఇన్నాళ్లూ ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

"నేనూ తలుపు దగ్గర చెవి పెట్టుకుని కూర్చున్నవాడినే. మా ఆవిడ పోయినప్పుడు కూర్చున్నాను, ఇప్పటికీ లేవలేదు. నా దగ్గర లేని రొట్టె నీ భార్యకి ఎలా పెట్టను డింగెనిస్?"

ఊరంతా ఎవరి భుజం మీద ఆనుకుని నిలబడిందో ఆ మనిషి అడుగున నేల లేదు. తిరిగి వస్తుంటే పొగమంచు పొలాల మీదికి దిగుతోంది. గాలి ఆకు కదిలేంత కూడా లేదు. ముందురోజే పౌర్ణమి.

మర్నాడు ఆదివారం. ఆటు మామూలు కన్నా చాలా వెనక్కి తీస్తోంది. తొమ్మిదిన్నరకి డింగెనిస్ కట్ట ఎక్కి చూశాడు. పాదం దగ్గర వరసగా పాతిన కొయ్య గుంజల్లో ఏడు లేవు. విరిగిపోలేదు, తేలలేదు, నిలువునా కిందికి దిగిపోయినట్టున్నాయి. పరిచిన రాళ్ల మధ్య అరచెయ్యి పట్టేంత సందు. పైన గడ్డిలో, కట్ట పొడవునా, సన్నటి చీలిక. వంగి అందులో వేలు పెట్టాడు. లోపల చల్లగా, తడిగా ఉంది. నీటి అంచున మట్టిరంగు బుడగలు పైకి వస్తున్నాయి, అడుగున ఎవరో ఊపిరి వదులుతున్నట్టు.

కట్ట మనుషుల్ని కదిలించాలంటే క్రైన్ కావాలి. క్రైన్ గుడిలో ఉన్నాడు. అందరూ గుడిలోనే ఉన్నారు.

ఇంట్లోకి తొంగి చూశాడు. మినా బల్ల దగ్గర చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"గుడికి రావే, ఇవాళొక్కరోజు."

"నువ్వు వెళ్లు. నా కోసం ఆగితే నీకూ పాపం."

చీలిక సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. అసలే గాలికి ఉలిక్కిపడే మనిషి. చెప్పలేకపోయాడు. తర్వాత జీవితమంతా ఆ అరనిమిషం అతన్ని పొడిచేది. అతను గుమ్మం దాటగానే వెనక గడియ పడ్డ చప్పుడు వినిపించింది.

గుడికి చేరేసరికి కీర్తన అయిపోయి ప్రసంగం మొదలైంది. క్రైన్ కట్ట పెద్దలతో ముందు బల్లల మీదున్నాడు. ఆరాధన మధ్యలో నడిచి వెళ్లడం వెస్ట్‌నోల్‌లో ఎవరూ చేసిన పని కాదు. డింగెనిస్ వెనక బల్ల చివర కూర్చుని, ప్రసంగంలో విరామం వస్తుందేమో, అప్పుడు వెళ్లి చెవిలో చెబుదామనుకున్నాడు.

బార్తెల్ చదువుతున్నది ఆ గీతం మీద ప్రసంగమే. తలుపు, తట్టిన చెయ్యి, లేవని అమ్మాయి, వెళ్లిపోయినవాడు. "అయ్యో, ఆలస్యం చేసిన ఆత్మా!" అని అతని గొంతు కప్పు కిందంతా చుట్టుకుంది. ముందు వరసల్లో ఎవరో ఏడుస్తున్నారు. వెళ్లిపోయాడన్న చోట ఆగి, గుండెలదిరే మాటలతో ప్రసంగం అక్కడక్కడే తిరగసాగింది.

డింగెనిస్‌కి ఏదో తేడాగా తోచింది. మినా చదివినప్పుడు అది అక్కడ ఆగలేదు కదా! ఆ పిల్ల లేస్తుంది. చీకట్లో వీధిలోకి వెళుతుంది. కావలివాళ్లు కొడతారు, పైబట్ట లాక్కుంటారు. అయినా కనబడ్డవాళ్లందరినీ అడుగుతుంది, అతను కనిపిస్తే చెప్పండి, ప్రేమతో జబ్బుపడ్డానని. చివరికి ఇద్దరూ మళ్లీ కలుస్తారు. ఎన్ని నీళ్లు వచ్చినా ఆ ప్రేమ ఆరదని కూడా ఉంది చివర్లో. ఆ మాట దగ్గర మినా ఎప్పుడూ గొంతు తగ్గించి చదివేది. ఈ పెద్దమనిషి ఎందుకు సగంలో ఆపాడు? పాట సగంలో ఆపితే దొరికేది భయమే కదా.

అతనికి వేదాంతం తెలియదు. తన భార్య ఒక్కతే సముద్రం కింద ఇంట్లో గడియ పెట్టుకుని ఉందని మాత్రం తెలుసు. లేచి నిలబడ్డాడు.

"క్రైన్, కట్ట చీలింది. గుంజలు ఏడు దిగిపోయాయి. అందర్నీ తీసుకుని ఊరి వెనకున్న లోకట్ట అవతలికి పొండి."

రెండొందల తలలు ఒక్కసారి తిరిగాయి. బార్తెల్ కళ్లద్దాల మీదుగా చూశాడు. "కూర్చో డింగెనిస్. ఇది దేవుని మాట."

"పెద్దయ్యా, నన్ను క్షమించండి" అని అతను బయటికి పరిగెత్తాడు. వెనక ఎవరో "పిచ్చి పట్టింది. ఆ ఇంట్లో ఇద్దరికీ పట్టింది" అనడం వినపడింది. దాని వెనకే బల్ల జరిగిన చప్పుడు కూడా వినపడింది. క్రైన్ లేచాడు.

ఇల్లు గుడికి పావుగంట దూరం. పొగమంచులో, చెక్క బూట్లు చేతుల్లో పట్టుకుని, వట్టి మేజోళ్లతో పరిగెత్తాడు. తలుపు మీద పిడికిలితో బాదాడు.

"మినా! తలుపు తియ్యి!"

మళ్లీ బాదాడు.

"ఎవరు?" అంది లోపలి నుంచి, పిల్లగొంతులా.

"నేనేనే!"

"ఆరాధన అవ్వలేదుగా. నా వల్ల వదిలేసి వచ్చావా? వెళ్లు డింగెనిస్. నన్నిలా ఉండనీ. నేను తీయను."

కట్ట గురించి అరిచాడు. ఆమె వినిపించుకునే స్థితిలో లేదు. "నేను తీయకూడదు. నాకు హక్కు లేదు" అంటోంది. అది ఓకు చెక్క తలుపు, తనే చేసి బిగించాడు, భుజంతో తోస్తే కదల్లేదు. ఇంటి వెనక సముద్రం వైపు నుంచి ఏ చప్పుడూ రావడంలేదు. ఆ నిశ్శబ్దమే అతన్ని ఎక్కువ భయపెట్టింది. ఊపిరి అందక, తలుపుకి నుదురు ఆనించి, ఇంకేం చెప్పాలో తెలియక, ఉన్నదే చెప్పాడు.

"మినా, నా తలంతా మంచుకి తడిసిపోయిందే. చలేస్తోంది. తియ్యవే."

లోపల కుర్చీ కదిలింది. అడుగులు. గడియ తీసిన చప్పుడు.

ఆమె మొహం సున్నంలా ఉంది. "ఆ మాట నీకెవరు చెప్పారు?"

"ఏ మాట?"

అతనికి నిజంగా తెలియదు. గీతంలో తలుపు బయట నిలబడ్డవాడు అనే మాట సరిగ్గా అదేనని, తన జుట్టు మంచుకి తడిసిందంటాడని ఆమెకి గుర్తొచ్చింది, అతనికి రాలేదు. అప్పుడు అడగడానికీ చెప్పడానికీ సమయం లేదు. శాలువా ఆమె మీద కప్పి, చెయ్యి పట్టుకుని పొలాల మీదుగా లోకట్ట వైపు లాక్కెళ్లాడు. ముందు కట్ట పోతే ఆపడానికని పాతకాలం వాళ్లు వెనకాల వేసిన చిన్న కట్ట అది. దాని మీదికెక్కి వెనక్కి చూశారు.

పొగమంచు కాస్త విడింది. తమ ఇంటి వెనక కట్ట గడ్డి వరస ఒకచోట వంగింది. అలిసిన మనిషి కుర్చీలో కూర్చున్నట్టు, కట్ట శిఖరం మెల్లగా కిందికి కూర్చుంది. చప్పుడు లేదు. రెండు వందల అడుగుల కట్ట, మీద మేస్తున్న మూడు గొర్రెలతో సహా, సముద్రం పాయలోకి జారిపోయింది. ఉన్నచోట బూడిదరంగు ఆకాశం కనిపించింది. గాలి కూడా కదల్లేదు.

మినా అతని చెయ్యి వదల్లేదు. "నేను తీశాను" అంది, తనకే చెప్పుకుంటున్నట్టు.

ఆటు వల్లే కట్ట జారింది, ఆటు వల్లే జనం బతికారు. నీళ్లు తిరిగి రావడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. క్రైన్ గంట కొట్టించాడు. ఆవులు, పిల్లలు, మంచాన పడ్డవాళ్లు, రొట్టెల బుట్టలు, అన్నీ లోకట్ట వెనక్కి నడిచాయి. మధ్యాహ్నం దాటాక పోటు మొదలై, కట్ట తెగినచోట నుంచి గోధుమరంగు నీళ్లు పొలాల మీద పరుచుకుంటూ వచ్చాయి. తొందరేమీ లేనట్టు, ఒక్కొక్క కాలవా నింపుకుంటూ.

తలలు లెక్కపెడితే ఒక్కరు తగ్గారు. బార్తెల్.

"గుడి నుంచి నేరుగా ఇంటికి వెళ్లాడు. వస్తాడులే అనుకున్నాం" అన్నాడు క్రైన్.

మినాయే ముందు కదిలింది. "ఎక్కడికే?" అని డింగెనిస్ వెనకే దిగాడు. బార్తెల్ ఇల్లు పల్లం చివర. వెళ్లేసరికి నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. కిటికీలకి చెక్కలు మూసి ఉన్నాయి. మినా తలుపు తట్టింది.

"పెద్దయ్యా! తియ్యండి, నీళ్లొస్తున్నాయి!"

"వినిపిస్తున్నాయమ్మా" అన్నాడు లోపలి నుంచి. గొంతు నెమ్మదిగా ఉంది.

"అయితే రండి!"

"ఇది ఆయన చెయ్యి మినా. దీన్నుంచి పారిపోయి ఎక్కడికి పోను? నాకు నిశ్చయత ఇంకా రాలేదు. వస్తే ఇవాళే రావాలి. నన్ను ఎదురుచూడనీ."

"తట్టేది నేనండీ! నేను, మినాని! లేచి గడియ తీస్తే చాలు!"

"నువ్వు వెళ్లమ్మా" అన్నాడు చివరికి. "కాళ్లు తడుస్తున్నాయి నీకు."

ఆమె రెండు చేతులతో బాదింది. డింగెనిస్ భుజంతో, తర్వాత కంచెలోంచి పీకిన గుంజతో కొట్టాడు. అవతల బల్లో బీరువానో అడ్డం పెట్టినట్టుంది, తలుపు జానెడు కూడా కదల్లేదు. నీళ్లు తొడల దాకా వచ్చాయి. మినా పిడికిళ్ల మీద చర్మం లేచిపోయి తలుపు మీద ఎర్రటి మరకలు పడ్డాయి. "తియ్యండి, తియ్యండి" అనే ఒక్క మాట తప్ప ఆమె నోట ఇంకేం రాలేదు. చివరికి డింగెనిస్ ఆమెని నడుము పట్టి ఎత్తుకుని, నీళ్లలో ఈడ్చుకుంటూ తీసుకొచ్చాడు. దారిపొడవునా అతన్ని కొడుతూనే ఉంది.

మూడో రోజు ఆటులో పడవ మీద వెళ్లినవాళ్లకి బార్తెల్ కుర్చీలోనే కనిపించాడు. ఎదురుగా బల్ల మీద తడిసిన గ్రంథం తెరిచి ఉంది. ఏ పుట దగ్గరో చూసినవాళ్లు చెప్పలేదు, మినా అడగలేదు.

వెస్ట్‌నోల్ పల్లాన్ని మళ్లీ కట్టలేదు. ఊరు చెల్లాచెదరైంది. ఆరాధన చెడగొట్టినందుకే దేవుడు కట్ట తెంచాడని అన్నవాళ్లు ఉన్నారు. అతను లేవకపోతే అందరం పోయేవాళ్లమని అన్నవాళ్లూ ఉన్నారు. రెండు రకాలవాళ్లూ ఆ తర్వాత చాలాకాలం డింగెనిస్ కళ్లలోకి చూడలేకపోయారు. క్రైన్ మాత్రం ఒకరోజు ఎదురొచ్చి, "ఒరేయ్, ఇకమీద చుంచులు మాట్లాడితే ముందు నాకు చెప్పు" అన్నాడు. నవ్వబోయి, నవ్వలేక, మొహం తిప్పుకున్నాడు.

డింగెనిస్, మినా పక్క దీవిలో ఒక రైతు ధాన్యపు కొట్టు మీద అటకలో ఏడాదిన్నర ఉన్నారు. ఒకే గడ్డిపరుపు. మొదటి చలికాలం ఆమె చేతులకి గుడ్డలు చుట్టి ఉండేవి, స్పూను పట్టుకోలేకపోయేది, అతనే జావ తాగించేవాడు. ఒక సాయంత్రం ఎవరో ఇచ్చిన పాత బైబిలు తీసి, మెల్లగా, ఆ గీతం మొదటి నుంచి చివరి దాకా చదివింది. నవ్వలేదు. ఏడవలేదు. ఎక్కడా ఆపలేదు.

కొత్త ఊరి ఆడవాళ్లు బంగాళాదుంపలు ఒలుస్తూ అప్పుడప్పుడూ ఆమెని కదిపేవాళ్లు. అక్కడి సంఘంలోనూ తలలు వంచుకుని ఎదురుచూసేవాళ్లే ఎక్కువ.

"మినక్కా, నువ్వు బల్ల దగ్గరికి లేచావంట కదా పోయిన ఆదివారం. నిశ్చయత ఎలా వచ్చింది నీకు?" అని ఒకావిడ అడిగింది.

"రాలేదు" అంది మినా. "రెండేళ్లు తలుపు లోపల కూర్చుని, బయటున్నవాడికి నా మీద కోపమనుకున్నాను. తర్వాత బార్తెల్ గారి తలుపు బయట నేనే నిలబడ్డాను. బయట నిలబడి తట్టేవాళ్లకి కోపం రాదే. భయమేస్తుంది. ఏడుపొస్తుంది. తియ్యి, తియ్యి అనడం తప్ప ఇంకేం తోచదు."

"అంటే దేవుడికి భయమేస్తుందా? తప్పు కాదూ అలా అనడం?"

"ఏమో, నాకేం తెలుసు. తట్టినవాళ్లలో నాకు బాగా తెలిసింది ఇద్దరు. ఒకడు నా మొగుడు, రెండోది నేను. దేవుడు మా ఇద్దరి కన్నా తక్కువ ప్రేమిస్తాడంటే నేను నమ్మను. ఆ పాట మొగుడూ పెళ్లాల గురించా, దేవుడి గురించా అని బార్తెల్ గారు బెంగపడ్డారు. మా ఆయన తల తడిసిందన్నప్పుడు నేనది విడదీయలేకపోయాను. ఇప్పుడూ విడదీయలేను."

"మరి మీ ఆయన లేవడేం బల్ల దగ్గరికి?"

"ఆయన చేతులకి మట్టుందంటాడు. చూస్తున్నాను, ఎప్పుడు కడుక్కుంటాడో" అని కత్తి మళ్లీ దుంప మీద పెట్టింది.

అతను కడుక్కోలేదు. చనిపోయేదాకా వెనక బల్ల చివరే కూర్చున్నాడు. కానీ ఆమె ప్రభువు బల్ల దగ్గర నుంచి తిరిగి వచ్చి పక్కన కూర్చున్నప్పుడల్లా, ఆమె నోటి నుంచి వచ్చే ద్రాక్షారసం వాసన పీల్చుకుంటున్నట్టు కాస్త పక్కకి వంగేవాడు.

కొత్త ఊళ్లోనూ చుంచులు పట్టే పనే దొరికింది. పౌర్ణమి, అమావాస్యల ఆటు వేళకి అతనికి కాలు నిలవదు. తినే కంచం వదిలేసి కట్ట ఎక్కుతాడు, పాదం దాకా దిగుతాడు, గుంజలు లెక్కపెడతాడు, మోకాళ్ల మీద వంగి గడ్డి విడదీసి చూస్తాడు. పిచ్చి అన్నవాళ్లున్నారు. మినా అనలేదు. శాలువా కప్పుకుని వెనకే వెళ్లేది.

పెళ్లై ముప్పై ఏళ్లైన సంవత్సరం, ఒక మార్చి మధ్యాహ్నం, ఇద్దరూ అలా నడుస్తున్నారు. సముద్రం చాలా దూరం వెనక్కి వెళ్లి, బురద మెరుస్తోంది. గాలి పడిపోతోంది.

"ఇది కూడా పోతుందా?" అంది మినా.

"పోతుంది" అన్నాడు డింగెనిస్. "ఎప్పుడో తెలీదు."

మినా అతని చెయ్యి పట్టుకుని, "ఇటు రా. అటువైపు చలి ఎక్కువ, నేనుంటాను" అని సముద్రం పక్కకి తను మారింది.